సున్నం పట్టని కవాటం ఎవరు చేస్తారు?

దాచేపల్లి, నడికుడి, పిడుగురాళ్ల పిల్లలకు సున్నం గురించి ఎవరూ కొత్తగా పాఠం చెప్పక్కర్లేదు. బట్టీల పక్కన చెట్ల ఆకుల మీద తెల్లగా పేరుకునేది అదే. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున గార కట్టేదీ దాని చుట్టమే. గిన్నెకైతే కాస్త చింతపండు వేసి రుద్దేస్తాం, పోతుంది. అలాంటి గారే మనిషి గుండెలో కుట్టిన చిన్న వాల్వ్ మీద పడితే? రుద్దడానికి చెయ్యి వెళ్లదు. రొమ్ము ఎముకను రెండోసారి కోయాలి, పాత వాల్వ్ తీసి కొత్తది పెట్టాలి. జంతువుల కణజాలంతో గుండె కవాటాలు తయారుచేసేవాళ్లను అరవై ఏళ్లుగా ముప్పుతిప్పలు పెడుతున్నది ఈ సున్నమే.

కోర్సులు, ఉద్యోగాల పేజీలో గుండె ఆపరేషన్ గొడవ ఎందుకు అనుకోవచ్చు. ఎందుకంటే ఈ సమస్యకు పూర్తి జవాబు ఇంకా ఎవరి దగ్గరా లేదు. ఆ జవాబు అందరికంటే ఎక్కువగా కావాల్సింది మన ఊళ్లలోని పాతికేళ్ల లోపు పిల్లలకు. దాన్ని వెతకాలంటే మాత్రం ఎంపీసీ చదివినవాళ్లు, బైపీసీ చదివినవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. మనం పదో తరగతి అయిపోగానే వాళ్లిద్దరినీ విడదీసి, మళ్లీ కలవకుండా గోడ కట్టేస్తున్నాం.

ముందు జబ్బు సంగతి. గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. కొట్టుకున్న ప్రతిసారీ నాలుగు కవాటాలు తెరుచుకుని మూసుకుంటాయి. సంపన్న దేశాల్లో వాల్వ్ చెడేది ఎక్కువగా ముసలితనంలో, బృహద్ధమని దగ్గర. మన దగ్గర కథ వేరు. అయిదు నుంచి పదిహేనేళ్ల పిల్లలకు స్ట్రెప్టోకాకస్ బాక్టీరియాతో గొంతునొప్పి వస్తుంది. అదే తగ్గుతుందిలే అని వదిలేస్తారు. కొందరిలో ఆ బాక్టీరియా మీద యుద్ధానికి బయల్దేరిన రోగనిరోధక శక్తి సొంత గుండె కవాటాల మీదే పడుతుంది. ఇది రుమాటిక్ జ్వరం. ఎక్కువగా దెబ్బతినేది ఎడమవైపు గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వ్. చాలామంది ఆడపిల్లల్లో ఈ సంగతి బయటపడేది పెళ్లయి కడుపు పండాక, మెట్లెక్కితే ఆయాసం వస్తున్నప్పుడు. ప్రపంచ ఆరోగ్య సభ ఈ జబ్బు మీద 2018లో ప్రత్యేకంగా తీర్మానం చేసింది. గొంతునొప్పి దశలోనే పెన్సిలిన్ ఇస్తే చాలావరకు ఆగిపోయే జబ్బు ఇది, ఆ మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అన్నిటికంటే మంచి వాల్వ్ మనకు అవసరం పడని వాల్వే.

అవసరం పడితే రెండు దారులు. ఒకటి లోహంతోనో, కార్బన్‌తోనో చేసిన మెకానికల్ వాల్వ్. మనిషి ఉన్నంతకాలం పనిచేస్తుంది. కానీ దాని మీద రక్తం గడ్డకడుతుంది కాబట్టి జీవితాంతం వార్ఫరిన్ లాంటి మాత్ర వేసుకోవాలి. మోతాదు తక్కువైతే గడ్డ, ఎక్కువైతే రక్తస్రావం. అందుకే తరచూ ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష. గోంగూర, పాలకూర ఒకవారం ఎక్కువ తిని ఇంకోవారం మానేసినా లెక్క తప్పుతుంది, వాటిలోని కె విటమిన్ మందుకు ఎదురు పనిచేస్తుంది. ఇక గర్భంతో ఉన్నప్పుడు వార్ఫరిన్ బిడ్డకు హాని చేయగలదు. రెండో దారి ఆవు గుండె చుట్టూ ఉండే పల్చటి సంచి పొరతోనో, పంది కవాటంతోనో చేసిన బయో వాల్వ్. గుండె లయ బాగుంటే కొన్ని నెలల తర్వాత వార్ఫరిన్ అక్కర్లేదు. అయితే పది, పదిహేనేళ్లకు అది సున్నం పట్టి బిగుసుకుపోతుంది, లేదా చిరుగుతుంది. వయసు ఎంత తక్కువైతే అంత త్వరగా. అందుకే డాక్టర్లు మామూలుగా యాభై లోపువాళ్లకు మెకానికల్, అరవై అయిదు దాటినవాళ్లకు బయో వాల్వ్ వైపు మొగ్గుతారు.

ఇప్పుడు దాచేపల్లి పక్క పల్లెలో ఇరవై రెండేళ్ల అమ్మాయిని ఊహించుకోండి. కొత్తగా పెళ్లయింది, మిరప కోతలకు పోతుంది. మెకానికల్ పెట్టించుకుంటే నెలనెలా కూలి వదులుకుని పరీక్షకు వెళ్లాలి, బిడ్డను కనడం ప్రమాదంతో కూడిన పని. బయో వాల్వ్ పెట్టించుకుంటే బిడ్డ ఇంకా హైస్కూల్లో ఉండగానే తల్లికి రెండో ఆపరేషన్. ఈ రెంటిలో ఏది కావాలమ్మా అని అడగడాన్ని ఎంపిక అనగలమా? డాక్టర్ల తప్పు కాదిది. వాళ్ల చేతికి మూడో వాల్వ్ ఎవరూ ఇవ్వలేదు.

మూడో వాల్వ్ ఎందుకు కష్టమో తెలియాలంటే ఈ బయో వాల్వ్ ఎలా పుట్టిందో కాస్త చూడాలి. చనిపోయిన మనుషుల నుంచి తీసిన కవాటాన్ని 1962లో లండన్‌లో డోనాల్డ్ రాస్ అమర్చాడు. మనిషి కవాటాలు ఎన్నని దొరుకుతాయి? 1965లో పారిస్‌లో జంతు కవాటాలు వాడి చూశారు. కొద్దికాలానికే పాడైపోయాయి. ఆ బృందంలోని ఆలాన్ కార్పెంటియే అనే యువ సర్జన్ దీన్ని రసాయన శాస్త్రం సమస్యగా చూశాడు. జంతు కణజాలాన్ని గ్లూటరాల్డిహైడ్‌లో నానబెడితే దానిలోని కొల్లాజెన్ పోగులు ఒకదానితో ఒకటి ముడిపడి గట్టిపడతాయని, శరీరం దాన్ని పరాయిదిగా గుర్తుపట్టడం బాగా తగ్గుతుందని తేల్చాడు. బయోప్రాస్థెసిస్ అన్న మాట కూడా ఆయనదే. 1971లో ఇంగ్లండ్ లీడ్స్‌లో మరియన్ అయొనెస్కు ఆవు గుండె సంచి పొరతో రెక్కలు కత్తిరించి వాల్వ్ చేశాడు. నేటి బయో వాల్వుల్లో చాలాభాగం ఆ దారిలోవే.

గ్లూటరాల్డిహైడ్ పేరు పెద్దదే గానీ పని మనకు తెలియనిది కాదు. అది తోళ్లను పదును చేసే మందుల్లో ఒకటి. మన పల్లెల్లో చర్మకారులు తంగేడు చెక్క వేసిన తొట్టెలో పచ్చితోలును నానబెట్టి కుళ్లకుండా, చీలకుండా చేసేవారే, సూత్రం అదే: కొల్లాజెన్ పోగులను ముడివేయడం. తరతరాలుగా ఊరి చివర పెట్టి, ముట్టుకోకుండా చూసిన పని ఇది. అదే పని తెల్లకోటు వేసుకుని చేస్తే బయోమెటీరియల్ సైన్స్ అవుతోంది.

ఈ తోలు శాస్త్రంలో ప్రపంచం గుర్తుపెట్టుకున్న పేరు మన గుంటూరు సీమదే. తెనాలి ప్రాంతంలోని యలవర్రులో 1922లో రైతు కుటుంబంలో పుట్టిన యలవర్తి నాయుడమ్మ కాశీలో చదివి, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ తీసుకుని, చెన్నై అడయారులోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థను నడిపారు. తర్వాత సీఎస్ఐఆర్ డైరెక్టర్ జనరల్ అయ్యారు. 1985 జూన్‌లో కనిష్క విమానం పేలుడులో మరణించారు. ఆ సంస్థ నుంచి తెచ్చుకున్న కొల్లాజెన్‌తోనే మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్.రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కలిసి 1954లో కొల్లాజెన్ అణువు మూడు పేటల తాడులా ఉంటుందని ప్రతిపాదించారు. తోలు, కవాటం రెండూ ఆ మూడు పేటల తాడే. నాయుడమ్మ పేరు మన పిల్లలకు జనరల్ నాలెడ్జి బిట్టుగానే తెలుసు. ఆయన చేసిన శాస్త్రం గుండె లోపలిదాకా వెళ్తుందని చెప్పే మాస్టారు ఎందరున్నారు?

మళ్లీ సున్నం దగ్గరికి వద్దాం. కవాటం మీద పడేది బట్టీ సున్నం కాదు, ఎముకలో ఉండే కాల్షియం ఫాస్ఫేట్ రకం. ఎందుకు పడుతుంది? గ్లూటరాల్డిహైడ్ పూర్తిగా ఖర్చవకుండా కొన్ని ఆల్డిహైడ్ కొసలు మిగిలిపోతాయి, అవి కాల్షియాన్ని లాగుతాయి. కణజాలంలోని కణాలు చచ్చిపోయి ఉంటాయి, వాటి పొరల్లోని ఫాస్ఫరస్‌తో రక్తంలోని కాల్షియం కలుస్తుంది. రెక్క ఎక్కడ ఎక్కువ వంగుతుందో అక్కడ గార ఎక్కువ. అంటే ఒక కారణం కెమిస్ట్రీలో, ఒకటి బయాలజీలో, మరొకటి మెకానిక్స్‌లో ఉంది. పిల్లల్లో, యువకుల్లో శరీరం కాల్షియాన్ని చకచకా వాడుతుంది, రోగనిరోధక శక్తి కూడా చురుకు. ఎదిగే వయసు వరమే ఇక్కడ శాపం.

దీనికి ఇప్పటికే కొన్ని విరుగుడులు వచ్చాయి. ఆల్కహాల్‌తో కడిగి కణాల కొవ్వును తీసేయడం ఒకటి. మిగిలిన ఆల్డిహైడ్ కొసలకు రసాయన మూతలు పెట్టడం, ద్రావణంలో కాకుండా గ్లిసరాల్ పట్టించి పొడిగా నిల్వచేయడం మరికొన్ని. వీటితో ఆయుష్షు పెరుగుతుందని ఆశ. కణాలన్నీ కడిగేసి ఒట్టి కొల్లాజెన్ చట్రాన్ని మాత్రం ఉంచితే, రోగి సొంత కణాలే వచ్చి అందులో కాపురం పెడతాయని, పిల్లలతోపాటు వాల్వ్ కూడా పెరుగుతుందని ఇంకో ఆలోచన. వినడానికి ఎంత బాగుంది! కానీ వియన్నా డాక్టర్లు 2003లో ప్రచురించిన అనుభవం చదివితే ఒళ్లు జలదరిస్తుంది. అలా కణాలు తీసేసిన పంది కవాటాలను నలుగురు పిల్లలకు అమరిస్తే ముగ్గురు చనిపోయారు. చట్రాన్ని శరీరం తనదిగా ఒప్పుకోలేదు. ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్లు విజయగాథల కంటే ముందు ఆ నివేదిక చదవాలని మా మాట.

తయారీ ఎలా ఉంటుందో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే ఉద్యోగాలున్నది అక్కడే. పొర అంతటా మందం ఒకేలా ఉండదు. కొలిచి, సరిపోయే చోట లేజర్‌తో రెక్కలు కత్తిరిస్తారు. మూడు రెక్కలు ఒకేలా ఉండాలి, లేకపోతే ఒకటి ఎక్కువ బరువు మోసి ముందే చిరుగుతుంది. తర్వాత వాటిని లోహపు చట్రానికి సూక్ష్మదర్శిని కింద చేత్తో కుడతారు, వందల కుట్లు. ఇంత యంత్రయుగంలోనూ ఆ సూదిపని మనిషి చేతిదే, ఎక్కువగా ఆడవాళ్లదే. జాకెట్ల మీద మగ్గం వర్క్ చేసే అమ్మాయిల వేళ్లలో ఉన్న ఓపిక, లెక్క ఇక్కడ కావాల్సినవే. అయితే ఒక్క కుట్టు వదులైతే పోయేది ప్రాణం, అందుకని శిక్షణ నెలల తరబడి ఉంటుంది.

2002 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లోని రూవాలో ఆలాన్ క్రిబియే ఛాతీ కోయకుండానే తొడ దగ్గరి రక్తనాళం గుండా మడతపెట్టిన బయో వాల్వ్‌ను గుండెకు పంపి విప్పాడు. ఇప్పుడు దాన్నే టావీ అంటున్నారు. ఆ వాల్వ్ పెన్ను మందాన నలిగి, తర్వాత విచ్చుకుని, మళ్లీ కోట్లసార్లు ఆడాలి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కణజాల కవాటాన్ని అమ్మకముందు యంత్రంలో 20 కోట్ల సార్లు తెరిచి మూసి చూడాలి. మనిషి గుండె లెక్కలో అది సుమారు అయిదేళ్లు. మెకానికల్‌కైతే 40 కోట్లు. రెక్క ఎక్కడ వంగుతుంది, ఎక్కడ అలుస్తుంది అని కంప్యూటర్‌లో లెక్కకట్టడం ఇంకో పెద్ద పని. జార్జియా టెక్‌లో లక్ష్మీ ప్రసాద్ దాసి లాంటి ప్రొఫెసర్లు రోగి సీటీ స్కాన్ నుంచే అతని గుండెలో ఏ వాల్వ్ ఎలా కూర్చుంటుందో ముందే అంచనా వేసే పనిలో ఉన్నారు. సీఎస్ఈ తప్ప వేరేది చదవనన్న పిల్లలకు కూడా ఇక్కడ చోటుందని చెప్పడానికే ఈ మాట.

మనవాళ్లకు ఇది చేతనవుతుందా అని ఎవరైనా అడిగితే తిరువనంతపురం చూపించాలి. శ్రీచిత్ర తిరునాళ్ సంస్థలో సర్జన్ ఎం.ఎస్.వలియత్తాన్, ఇంజినీర్ భువనేశ్వర్ బృందం మెకానికల్ వాల్వ్ చేసింది. వెల్డింగ్ విరగడం, టైటానియం అరగడం, నీలమణి స్ఫటికంతో చేసిన బిళ్ల పగలడం, ఇలా మూడు నమూనాలు పోయాయి. నాలుగోది నిలబడింది. 1990 డిసెంబర్ 6న మొదటిసారి మనిషికి పెట్టారు. ఆ తర్వాత లక్షమందికి పైగా దాంతో బతికారు, దిగుమతి సరుకు ధరలో కొంత భాగానికే. మన హైదరాబాద్‌లో కలాం, డాక్టర్ బి.సోమరాజు కలిసి 1990ల్లో తెచ్చిన స్టెంట్ కథ కూడా ఇలాంటిదే. ఇక బయో వాల్వుల్లో గుజరాత్ వాపీలోని మెరిల్ సంస్థ మైవాల్ అనే టావీ వాల్వ్ చేస్తోంది. దాన్ని విదేశీ దిగ్గజ వాల్వులతో పోల్చిన పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి, అది వాటికి తీసిపోలేదు. హైదరాబాద్ శివార్లలోని సుల్తాన్‌పూర్ మెడికల్ డివైజెస్ పార్కులో స్టెంట్లు చేస్తున్న ఎస్ఎంటీ సంస్థ చేతిలోనూ హైడ్రా అనే ఆవు పొర వాల్వ్ ఉంది. విశాఖలో మెడ్‌టెక్ జోన్ 2018లో మొదలైంది.

సంతోషమే. కానీ గమనించండి, ఈ టావీ వాల్వులన్నీ ప్రధానంగా ముసలివాళ్ల బృహద్ధమని కవాటానికి. ఖర్చు లక్షల్లో, తరచూ పది లక్షలకు పైమాటే. మార్కెట్ అక్కడుంది కాబట్టి పరిశోధనా అక్కడే. రుమాటిక్ జబ్బుతో మైట్రల్ వాల్వ్ పోయిన పాతికేళ్ల పేద పిల్లకు ముప్పై ఏళ్లు ఆడే బయో వాల్వ్ చేస్తే లాభం ఎంత అని లెక్కేసేవాడికి ఆ పిల్ల కనిపించదు. కంపెనీలను తిట్టి లాభం లేదు. శ్రీచిత్ర వాల్వ్ కూడా మార్కెట్ అడిగితే పుట్టలేదు, ప్రభుత్వ సంస్థ పన్నెండు పదమూడేళ్లు ఓపిక పడితే పుట్టింది. మన రాష్ట్రం ఆ ఓపిక చూపించాలి.

మొదటి మెట్టుకు డబ్బు కూడా పెద్దగా అక్కర్లేదు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటినుంచి, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ దాకా, ప్రభుత్వం తన ఖర్చుతో వాల్వ్ ఆపరేషన్లు చేయిస్తూనే ఉంది. 2016లో గుండె మార్పిడి దాకా వెళ్లిన గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి మన పక్కనే ఉంది. ఎవరికి ఏ వాల్వ్ పెట్టారు, ఎన్నేళ్లకు చెడింది, తీసేసిన వాల్వ్ మీద సున్నం ఎక్కడ పట్టింది అనేది వరుసగా రాసి, పేర్లు తీసేసి, పరిశోధక విద్యార్థుల ముందు పెడితే చాలు. మార్చి తీసిన పాత వాల్వ్‌ను చెత్తలో పారేయడం అంటే పరీక్ష పేపర్ దిద్దకుండా తగలబెట్టడమే. ఆ లోగా గురజాల, మాచర్ల ఆసుపత్రుల్లో వేలిచుక్కతో ఐఎన్ఆర్ చూసే చిన్న యంత్రాలు పెడితే మెకానికల్ వాల్వ్ ఉన్నవాళ్లకు గుంటూరు బస్సు తప్పుతుంది.

ఇక చదువు. ఎంపీసీ వాళ్లకు బయోమెడికల్ ఇంజినీరింగ్ ఉంది, ఉస్మానియా ఇంజినీరింగ్ కళాశాలలో, ఐఐటీ హైదరాబాద్‌లో. బైపీసీ వాళ్లకు దారి మూసుకుపోలేదు. తెలంగాణ ఈఏపీసెట్ బైపీసీ కౌన్సెలింగ్‌లో బయోటెక్నాలజీతోపాటు బయోమెడికల్ కూడా ఉంటూ వచ్చింది, అయితే మనవాళ్లు స్థానికత నిబంధనలు ముందే చూసుకోవాలి. మెకానికల్, మెటలర్జీ, కెమికల్ చదివినవాళ్లు పీజీలో ఇటు తిరగవచ్చు. గేట్‌లో 2020 నుంచి బయోమెడికల్‌కు విడిగా పేపర్ ఉంది. ఐఐటీ మద్రాస్, వేలూరు సీఎంసీ, శ్రీచిత్ర కలిసి నడిపే క్లినికల్ ఇంజినీరింగ్ ఎంటెక్‌లో ఆసుపత్రిలోనే ఉండి నేర్చుకోవచ్చు. కొల్లాజెన్ మీద మనసుంటే అడయారు తోలు సంస్థ, అన్నా యూనివర్సిటీ లెదర్ టెక్నాలజీ ఉన్నాయి. ఆ పేరు చెబితే ఇంట్లో మొహం చిట్లిస్తారు, నాయుడమ్మ పేరు చెప్పండి. జీతాల సంగతి దాచడం ఎందుకు, మొదటి రెండు మూడేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితుడికంటే తక్కువే రావచ్చు. ఉద్యోగాలు వాపీ, బెంగళూరు, హైదరాబాద్‌లో ఉంటాయి, నరసరావుపేటలో ఉండవు. తెలిసే దిగాలి.

ఇది మనకు పట్టే పనో కాదో చూసుకోవాలంటే ఫీజు కట్టక్కర్లేదు. ఆదివారం మటన్ కొట్టు దగ్గర, పైన ఉన్న నాళాలు పొట్టిగా కోయకుండా ఒక మేక గుండెకాయ అడగండి. ఇంటికి తెచ్చి కడగండి. గోడలు మందంగా ఉన్న ఎడమ గది నుంచి పైకి వచ్చే లావుపాటి నాళం బృహద్ధమని. దాన్ని పైకి పట్టుకుని గ్లాసుతో మెల్లగా నీళ్లు పోయండి. కొంచెం పక్కనుంచి కారుతుంది, అవి గుండెకు రక్తం ఇచ్చే చిన్న నాళాలు, కంగారు పడకండి. లోపలికి చూడండి. కాగితం కంటే పెద్ద మందం లేని మూడు రెక్కలు ఉబ్బి, మధ్యలో ఒకదానికొకటి ఆనుకుని, నీళ్లు కిందికి దిగకుండా ఆపేస్తాయి.